పంచన ఉన్నవాళ్లకు ఇల్లున్నట్టా, లేనట్టా?

ఇల్లు లేకపోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు. ఎక్కువమంది అడిగింది రోడ్డు పక్కన పడుకునేవాళ్ల గురించి కాదు, నాలుగు గోడల మధ్యే ఉండి కూడా ఇల్లు లేనివాళ్ల గురించి.

ప్రశ్న: మా స్నేహితురాలు ఇద్దరు పిల్లలతో నాలుగు నెలలుగా వాళ్ల అక్క ఇంట్లో ఉంటోంది. అంతకుముందు మూడు వారాలు ఇంకొకరి దగ్గర ఉంది. అడిగితే "ఇల్లు దొరికేదాకా" అంటుంది. నెత్తిన కప్పు ఉందిగా, ఆమెను నిరాశ్రయురాలు అనడం అతి కాదా?

కాదు. కప్పు వేరు, ఇల్లు వేరు. యూరప్‌లో నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థల సమాఖ్య ఫియాంట్సా 2005లో ఈథోస్ అనే వర్గీకరణ తెచ్చింది. అది ఇంటిని మూడు వైపుల నుంచి చూస్తుంది: మనిషి ఉండదగ్గ చోటు, తలుపు వేసుకుని తనవాళ్లతో తానుండే వీలు, అక్కడ ఉండటానికి చట్టపరమైన హక్కు. మామూలు మాటల్లో చెప్పాలంటే గది, గడియ, కాగితం. మీ స్నేహితురాలికి గది ఉంది. గడియ ఆమె చేతిలో లేదు. కాగితం అసలే లేదు.

ఈథోస్‌లో మొత్తం 13 వర్గాలున్నాయి. వీధిలో పడుకునేవాళ్లు మొదటి వర్గం మాత్రమే. చుట్టాల దగ్గరో స్నేహితుల దగ్గరో తాత్కాలికంగా తలదాచుకునేవాళ్లు ఎనిమిదో వర్గంలో వస్తారు. ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు అందుకున్నవాళ్లు, హింస భయంతో బతికేవాళ్లు, మరీ ఇరుకులో కుక్కుకుని ఉండేవాళ్లు ఆ తర్వాతి వర్గాలు.

ఒక జాగ్రత్త. పదిమంది ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన అది ఇల్లులేమి కాదు. అందరూ కోరుకుని కలిసి ఉంటే అది కుటుంబం. మరో దారి లేక ఉంటూ, "ఇంకెన్నాళ్లు?" అన్న ప్రశ్న ఎప్పుడు వస్తుందోనని బెరుకుగా ఉంటే అది కనిపించని నిరాశ్రయత. తేడా తెలియాలంటే అడగాల్సింది ఒక్కటే: వెళ్లిపొమ్మంటే ఈ రాత్రి ఎక్కడికి వెళతారు?

ప్రశ్న: నేను బడిలో పనిచేస్తాను. ఇలాంటి పిల్లల్ని, తల్లిదండ్రుల్ని ఎలా గుర్తుపట్టాలి? సూటిగా అడిగితే నొచ్చుకుంటారేమో.

"మీకు ఇల్లు ఉందా?" అని అడిగితే "ఉంది" అనే చెబుతారు. అబద్ధమని కాదు, ఆ మాట తమకు వర్తిస్తుందని వాళ్లే అనుకోరు. అందుకే స్థితి గురించి కాకుండా రాత్రుల గురించి అడగాలి. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు? వచ్చే రెండు వారాలూ అక్కడే ఉండొచ్చా? ఇంటి తాళంచెవి మీ దగ్గర ఒకటి ఉంటుందా?" ఈ మూడూ చాలు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మొదటి రెండింటికన్నా ఎక్కువ చెబుతుంది. తాళంచెవి లేని మనిషి ఆ ఇంటివాళ్లు వచ్చేదాకా బయటే కాలం గడపాలి. లైబ్రరీ మూసేదాకా కూర్చునేవాళ్లు, బడి వదిలాక గంటన్నర గేటు దగ్గరే ఆడుకునే పిల్లలు, ఏ పనీ లేకున్నా బస్సు చివరి స్టాపు దాకా వెళ్లి వచ్చేవాళ్లు కొందరు ఇందుకే అలా చేస్తారు.

గమనించాల్సినవి ఇంకొన్ని: ఏడాదిలో మూడుసార్లు మారిన చిరునామా. బడి సంచిలో పుస్తకాలతో పాటు రాత్రి బట్టలు, ఫోను ఛార్జరు, మందుల డబ్బా. సోమవారాలు తరచు గైర్హాజరు (వారాంతంలో చోటు మారి ఉంటారు). హోంవర్కు సగంలో ఆగడం (ఇంట్లో దీపం ఆర్పే వేళ వాళ్ల చేతిలో ఉండదు). వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. మూడు నాలుగు కలిసి కనిపిస్తే పక్కకు పిలిచి అడగండి, తరగతిలో మాత్రం కాదు. బిడ్డను కాక పెద్దవాళ్లను అడగండి. జవాబు విన్నాక చేసేదేమీ లేకపోతే అసలు అడక్కండి. కనీసం హాజరు నిబంధన సడలించడం, పుస్తకాలు బడిలోనే పెట్టుకునే బీరువా ఇవ్వడం మీ చేతిలో ఉండాలి.

ప్రశ్న: ఒక కుటుంబాన్ని మా ఇంట్లో ఉండమన్నాం. నెల తిరక్కముందే ఇరువైపులా మొహాలు ముడుచుకుంటున్నాం. ఎక్కడ తప్పింది?

మొహమాటం దగ్గర. "ఎన్నాళ్లయినా ఉండండి" అన్న మాట చెప్పేవాళ్లకు తృప్తిగా ఉంటుంది, వినేవాళ్లకు మాత్రం నరకం. గడువు తెలియని అతిథి రోజూ మీ మొహం చూసి లెక్క కట్టుకుంటూ ఉంటాడు. గడువు చెప్పడం కఠినత్వం కాదు. ఎనిమిది వారాలు అని చెప్పండి, నాలుగో వారంలోనే కూర్చుని మాట్లాడండి: ఏం ప్రయత్నాలు జరిగాయి, ఏది ఆగింది, గడువు పెంచాలా. చివరి వారంలో ఎత్తే మాట గెంటేసినట్టే వినిపిస్తుంది.

ఒక పేజీ కాగితం రాసుకోండి. అందులో ఉండాల్సినవి: తేదీలు, తాళంచెవి ఎవరి దగ్గర, ఏ అలమారా వాళ్లది (తాళం వేసుకునేది ఒక్కటైనా ఇవ్వాలి), స్నానాల గదికి పొద్దున ఎవరు ఎప్పుడు, వంట విడిగానా కలిపా, పిల్లలు నిద్రపోయే వేళ, వాళ్ల పేరున వచ్చే ఉత్తరాలు ఎవరు తీసి పెడతారు. ఇంత చిన్న విషయాలకు కాగితమేమిటని నవ్వొచ్చు. ఇలాంటి ఇళ్లలో గొడవలు పెద్ద విషయాల మీద రావు, ఫ్రిజ్‌లో అర, టీవీ చప్పుడు, తడి తువ్వాలు ఆరేసే తీగ, వీటి మీదే వస్తాయి.

మీరే అద్దెకు ఉంటున్నట్టయితే ముందు మీ ఒప్పందం చదవండి. ఎంతమంది ఉండొచ్చు, ఇంకొకరికి చోటివ్వచ్చా అన్న షరతులు ఉంటాయి. ఇంటి యజమానికి చెప్పకుండా పెట్టుకుంటే, సాయం చేసిన మీరూ రోడ్డున పడొచ్చు. ఇక డబ్బు: అద్దె తీసుకుంటే చాలాచోట్ల చట్టం దృష్టిలో అది వేరే సంబంధం అవుతుంది. తీసుకోవాల్సి వస్తే కరెంటు, నీళ్లు, సరుకుల్లో వాటా అని స్పష్టంగా రాసి తీసుకోండి.

మొదటి వారంలోనే చేయాల్సిన పని ఇంకోటుంది. వాళ్ల గుర్తింపు పత్రాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి కాగితాలు, మందుల చీటీలు అన్నీ ఫొటో తీసి వాళ్ల ఈమెయిల్‌కే పంపించండి. చోట్లు మారేవాళ్లు మొదట పోగొట్టుకునేవి ఇవే. ఒక కాగితం పోతే ఇంటి దరఖాస్తు నెలల తరబడి వెనక్కి పోతుంది.

ప్రశ్న: మా బృందం ఒక రాత్రి తిరిగి నిరాశ్రయుల్ని లెక్కించింది. పదకొండు మంది తేలారు. "ఇంతేనా" అని అధికారులు నవ్వారు. అసలు లెక్క ఎలా తీయాలి?

రాత్రి టార్చిలైటుతో వెతికితే బయట పడుకున్నవాళ్లే కనిపిస్తారు. ఆడవాళ్లు, పిల్లలున్నవాళ్లు వీలైనంత వరకు బయట పడుకోరు. భయం చేత ఎవరో ఒకరి పంచన చేరతారు, కొందరు సాయం పేరుతో దోపిడీ చేసేవాళ్ల దగ్గర కూడా. ఆ లెక్కలో పడనివాళ్లే ఎక్కువ.

దీనికి వాడే పద్ధతి వేరు: మనుషుల్ని వెతకడం కాకుండా, వాళ్లు ఎలాగూ వచ్చే చోట్ల అడగడం. డెన్మార్క్‌లో 2007 నుంచి మామూలుగా రెండేళ్లకోసారి, ఏడాదిలో ఆరో వారంలో దేశమంతా ఇలాగే లెక్క తీస్తారు. ఆసుపత్రులు, సామాజిక సేవా కేంద్రాలు, ఆశ్రయాలు, ఆ వారంలో తమ దగ్గరికి వచ్చిన ప్రతి నిరాశ్రయుడికీ ఒక ఫారం నింపుతాయి. చుట్టాల ఇంట్లో ఉన్నవాళ్లూ అందులో వస్తారు. ఫిన్లాండ్ 1987 నుంచి ఏటా లెక్కలు ప్రకటిస్తోంది. అక్కడ స్నేహితుల, బంధువుల దగ్గర తాత్కాలికంగా ఉంటున్నవాళ్లే నిరాశ్రయుల్లో అతిపెద్ద వర్గంగా తేలుతూ వచ్చారు. మీ పదకొండు తప్పు కాదు, అది ఈథోస్‌లో మొదటి వర్గం లెక్క మాత్రమే. అధికారులకు ఆ మాటే చెప్పండి.

మీ స్థాయిలో చేయాలంటే: ఒక వారం ఎంచుకోండి. బడులు, ఆరోగ్య కేంద్రాలు, లైబ్రరీలు, ఉచిత భోజనం పెట్టే చోట్లు, స్త్రీల సహాయ కేంద్రాలు, ఇలా పది పన్నెండు చోట్ల ఒప్పించండి. ఫారం ఒక్క పేజీ దాటొద్దు. "నిరాశ్రయులు" అన్న మాట శీర్షికలో కూడా ఉండొద్దు, "నివాస పరిస్థితి" అని పెట్టండి. ప్రశ్నలు ఐదు: ఫలానా రాత్రి ఎక్కడ పడుకున్నారు, అక్కడ ఎన్నాళ్లుగా, ఇంకెన్నాళ్లు ఉండగలరు, మీతో ఎవరున్నారు, చివరిగా సొంతంగా ఉన్న ఇల్లు ఎందుకు వదిలారు. రాత్రి ఒక్కటే అయి ఉండాలి. "ఈ వారం" అని అడిగితే ఒకే మనిషి మూడు చోట్ల చెబుతాడు.

ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టడం ఈ పద్ధతికున్న పెద్ద జబ్బు. మందు ఒక సంకేతం: పేరులో మొదటి రెండక్షరాలు, ఇంటిపేరులో మొదటి రెండక్షరాలు, పుట్టిన తేదీ, లింగం. పేరు రాయనక్కర్లేదు, ఒకే సంకేతం రెండు ఫారాల్లో వస్తే ఒకటి తీసేయొచ్చు. అక్షరాలు ఏ లిపిలో రాయాలో ముందే తేల్చుకోండి. ఒకచోట తెలుగులో, మరోచోట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకే మనిషి ఇద్దరైపోతాడు. నింపేముందు అనుమతి అడగాలి, వద్దన్నవాళ్ల సంఖ్య కూడా విడిగా రాయాలి. ఫారాలు తాళం వేసిన చోట ఉండాలి, లెక్క ముగిశాక నాశనం చేయాలి.

ప్రశ్న: భర్త కొడుతున్నా "నాకు ఇల్లుందిగా" అంటుంది మా పక్కింటావిడ. ఆమె కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. హింస బెదిరింపు కింద బతకడం ఈథోస్‌లో పదో వర్గం. అయితే ఇక్కడ లెక్క కన్నా భద్రత ముఖ్యం. ఆమె ఫోనుకు మెసేజ్ పెట్టొద్దు, ఇంకొకరు చదవొచ్చు. ఒంటరిగా దొరికినప్పుడు నోటితోనే మాట్లాడండి. కాగితాల నకళ్లు, కొంత డబ్బు, మందులు, ఒక జత బట్టలు ఉన్న సంచి మీ ఇంట్లో దాచుకోమనండి. బయటికి వచ్చే రోజు ఆమే నిర్ణయించుకోవాలి, తొందరపెట్టొద్దు. ఇల్లు వదిలే సమయమే మరీ ప్రమాదం. స్త్రీల సహాయ కేంద్రంతో ముందే మాట్లాడి ఉంచండి. ఆమె కొత్త చిరునామా బడి రికార్డుల్లోకి కూడా వెళ్లకుండా చూడమని అడగండి.

ప్రశ్న: పన్నెండు కుటుంబాలం కలిసి ఇళ్లు కట్టుకోవాలనుకుంటున్నాం. సహకార సంఘం మంచిదా, ల్యాండ్ ట్రస్టా? అమ్ముకునే వీలు ఉండాలని కొందరు, ఉండొద్దని కొందరు.

మీ గొడవలోనే జవాబుంది. సంఘం రూపం ఏదైనా, తేల్చుకోవాల్సింది ఇదే: విలువ పెరిగితే ఆ పెరుగుదల ఎవరిది?

సహకార సంఘంలో ఇళ్లన్నీ సంఘానివి, సభ్యులకు ఉండే హక్కు ఉంటుంది. ఉరుగ్వేలో 1968 గృహ చట్టం దీనికి దారి వేసింది, 1970లో ఫుక్వామ్ అనే సమాఖ్య పుట్టింది. అక్కడ పరస్పర సహాయ సంఘాల్లో ఒక్కో కుటుంబం వారానికి 21 గంటలు నిర్మాణంలో పనిచేయడం ఆనవాయితీ. ఎవరి ఇంటికి వాళ్లు కాదు, అందరి ఇళ్లకీ. ఏ ఇల్లు ఎవరిదన్నది ముందు చెబితే తమ గోడకే సిమెంటు ఎక్కువ పడుతుంది కాబట్టి, పూర్తయ్యాకే చీటీ తీయడం మేలు. ముసలివాళ్లు, గర్భిణులు, దూరంగా పనిచేసేవాళ్లు ఆ గంటలు ఎలా పూర్తి చేయాలో ముందే రాసుకోవాలి. వంట, పిల్లల సంరక్షణ, లెక్కలు రాయడం కూడా గంటల కిందికే రావాలి. అక్కడ తెగకపోతే మూడో నెలలోనే చీలిక.

ల్యాండ్ ట్రస్టులో నేల ట్రస్టుది, ఇల్లు మీది. నేలను దీర్ఘకాలం, మామూలుగా 99 ఏళ్లకు, లీజుకిస్తారు. దీని మూలం మనకు మరీ దూరం కాదు. 1951లో పోచంపల్లిలో వినోబా భావే మొదలుపెట్టిన భూదానం గ్రామదానంగా మారింది, ఊరి నేల ఊరిదే అన్న ఆ ఆలోచన అమెరికాలో రాబర్ట్ స్వాన్ వంటివారిని కదిలించింది. 1969లో జార్జియాలో నల్లజాతి రైతులు న్యూ కమ్యూనిటీస్ పేరుతో మొదటి ల్యాండ్ ట్రస్టు పెట్టారు. కరవులు, సకాలంలో అందని ప్రభుత్వ రుణాలు, తీర్చలేని అప్పు కలిసి 1985లో వాళ్ల నేల పోయింది. నేల మీద అప్పు చేస్తే ట్రస్టు పేరు కాపాడదని దీన్నుంచి నేర్చుకోవచ్చు.

తిరిగి అమ్మే సూత్రం ఇలా ఉంటుంది. ఇల్లు 100కి కొన్నారు. పదేళ్లకు బయటి ధర 160 అయింది. పెరిగిన 60లో పావు వంతు అమ్మేవాళ్లకు అని ఒప్పందం ఉంటే వాళ్లకు 115 వస్తుంది, తర్వాతి కుటుంబానికి ఇల్లు 160కి కాక 115కే దొరుకుతుంది. ఈ లెక్క ఇల్లు కొనే రోజునే అంకెలతో వేసి చూపించి సంతకం పెట్టించుకోండి. "పావు వంతు" అని మాటల్లో చెబితే మొత్తం ధరలో పావనుకునేవాళ్లూ ఉంటారు. సొంత ఖర్చుతో గది వేసుకుంటే దాని విలువ కలపాలా అన్నది ఇంకో తగాదా. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకున్న మార్పులకే లెక్క అని పెట్టుకోండి.

లీజు పత్రంలో రెండు షరతులు మరవొద్దు. ఇంటివాళ్లు బ్యాంకు వాయిదాలు కట్టకపోతే బ్యాంకు ముందు ట్రస్టుకు చెప్పాలి, ఆ బాకీ కట్టి ఇల్లు నిలబెట్టే అవకాశం ట్రస్టుకు ఉండాలి. అమ్మేటప్పుడు మొదట కొనే హక్కు ట్రస్టుదే కావాలి. ఇవి లేకపోతే ఒక్క ఎగవేతతో ఇల్లు బజారు పాలవుతుంది. పాలక మండలిలో మూడో వంతు నివాసులు, మూడో వంతు చుట్టుపక్కలవాళ్లు, మూడో వంతు బయటి నిపుణులు ఉండటం పాత పద్ధతి. అందరూ నివాసులే అయితే ఏదో ఒకరోజు "పంచుకుని అమ్మేద్దాం" అన్న తీర్మానం రావడం ఖాయం.

ఏ రూపమైనా చాలా సంఘాలు దెబ్బతినేది నిర్వహణ నిధి దగ్గర. మొదటి ఏళ్లలో అన్నీ కొత్తవి కాబట్టి నెలసరి తక్కువగా పెడతారు. తర్వాత పెంచబోతే ఎవరూ ఒప్పుకోరు. చిన్న లెక్క చూడండి, డబ్బును పాళ్లలో కొలుద్దాం. నీళ్ల మోటారు మార్చడానికి 8 పాళ్లు అవుతుంది, ఎనిమిదేళ్లు వస్తుంది: ఏడాదికి 1. పైకప్పు తేమ రాకుండా పూత 40, పదేళ్లు: ఏడాదికి 4. బయటి రంగులు 49, ఏడేళ్లు: ఏడాదికి 7. మొత్తం ఏడాదికి 12, పన్నెండు ఇళ్లకు తలా 1. ఇది మొదటి నెల నుంచే పక్కన పడాలి, రోజువారీ ఖర్చుల ఖాతాలో కాక వేరే ఖాతాలో. ధరలు పెరుగుతాయి కాబట్టి రెండేళ్లకోసారి అంకెలు సవరించాలి. ఒక ఇల్లు కొన్ని నెలలు ఖాళీగా ఉండటానికీ, ఎవరో కట్టలేకపోవడానికీ నెలసరి రాబడిలో ఇరవయ్యో వంతు విడిగా పెట్టుకోండి.

ప్రశ్న: మా సంఘంలో రెండు ఇళ్లు నిరాశ్రయ కుటుంబాలకు కేటాయించాం. దరఖాస్తులన్నీ కాగితాలు బాగా ఉన్నవాళ్లవే వచ్చాయి. నిజంగా అవసరమైనవాళ్లు ఎందుకు రాలేదు? తాగుడు అలవాటున్నవాళ్లకు ఇవ్వొచ్చా?

మీ ఫారం వాళ్లను ఆపింది. ఏడాదిగా ఒకే చిరునామా, పాత ఇంటి యజమాని సిఫార్సు, అడ్వాన్సు, ఇవి అడిగారంటే ఇల్లు లేనివాళ్లను ఇల్లుందని నిరూపించమన్నట్టే. చిరునామా రుజువు బదులు, ఆశ్రయమిచ్చినవాళ్లు రాసిచ్చిన నాలుగు వాక్యాల కాగితం చాలనండి: ఎప్పటి నుంచి ఉన్నారు, ఏ గదిలో, ఎందరు, ఎప్పటిలోగా వెళ్లాలి. బడి ప్రధానోపాధ్యాయుడి ఉత్తరం, ఆరోగ్య కార్యకర్త ఉత్తరం కూడా ఒప్పుకోండి. ఇల్లు వచ్చిందన్న కబురు ఒక్క ఉత్తరంతో సరిపెట్టొద్దు. ఫోను, మెసేజ్, వాళ్లు పేరిచ్చిన రెండో మనిషి, ఈ మూడూ ప్రయత్నించి వారం రోజులు ఆగాలి. "జవాబు రాలేదు" అని కొట్టేసిన పేర్లలో చాలామంది ఆ ఉత్తరం వెళ్లిన ఇంట్లో అప్పటికి లేనివాళ్లే.

అడ్వాన్సు కట్టలేనివాళ్ల కోసం తిరిగే నిధి ఒకటి పెట్టుకోవచ్చు. మీ ఇళ్లకే కాదు, బయట అద్దె ఇల్లు చూసుకునేవాళ్లకూ అదే నిధి పనికొస్తుంది. పది కుటుంబాలకు అప్పుగా ఇచ్చి, 12 సమాన వాయిదాల్లో వసూలు చేయండి. మొదటి వాయిదా మూడో నెలలో మొదలవ్వాలి. చేరిన నెలే అడిగితే పరుపు, స్టవ్వు, బడి ఫీజు అన్నీ ఒకేసారి మీదపడి మొదటికే మోసం వస్తుంది. అందరూ సరిగ్గా కడితే ఎనిమిదో నెల చివరికి సగం తిరిగొస్తుంది, మరో ఐదు కుటుంబాలకు ఇవ్వొచ్చు.

తాగుడు సంగతి. ముందు మాని రండి, తర్వాత ఇల్లు అన్నది పాత పద్ధతి. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త దాన్ని తిరగేశాడు: ముందు ఇల్లు, తర్వాత కోరుకున్నంత సాయం. 2009 నుంచి 2013 దాకా కెనడాలోని ఐదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో దీన్ని పరీక్షించి చూశారు. ముందు ఇల్లు పొందినవాళ్లు మామూలు సేవల్లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువ కాలం ఇంట్లో నిలబడ్డారు. ఫిన్లాండ్ 2008లో ఇదే జాతీయ విధానంగా తీసుకుని, రాత్రి ఆశ్రయాలను విడి ఇళ్లుగా మార్చుకుంటూ వచ్చింది. ఇక్కడ తరచు జరిగే పొరపాటు, ఇల్లిచ్చి సాయం మరవడం. మొదటి మూడు నెలలు వారానికి కనీసం ఒకసారి ఎవరో ఒకరు వెళ్లాలి, అద్దె బాకీ మొదటి నెలలోనే కనిపెట్టాలి, పక్కింటివాళ్లకు ఫిర్యాదు చేయడానికి ఒక ఫోను నంబరు ఉండాలి. సాయం చేసే మనిషీ, అద్దె వసూలు చేసే మనిషీ ఒక్కరే కాకూడదు. బాకీ పడిన రోజు నుంచి ఆ ఇంటివాళ్లు మీకు తలుపు తీయరు.